టీచరమ్మ మడమ

సినిమాల్లో టీచరమ్మని ఎన్నిసార్లు చూశారో మీకే తెలుసు. ఇస్త్రీ చీర, చేతిలో సుద్దముక్క, వెనక నల్లబల్ల. కెమెరా మొహం మీదనే వుంటుంది గాని కాళ్ళ దాకా ఎందుకు దిగుతుంది! 1972లో వచ్చిన ‘బడిపంతులు’ చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఎందరో! ఆ పంతులుగారి కష్టాలు వయసు మళ్ళాక కొడుకుల వల్ల వచ్చినవి. ఉద్యోగంలో వుండగా నిలబడి నిలబడి వచ్చే కష్టం ఇంకొకటుంది. దానికి పాటా లేదు, డైలాగూ లేదు.

మా చిలకలూరిపేటలో మా వదిన ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. రోజుకి ఆరు పీరియడ్లు, గచ్చు నేల, పల్చటి చెప్పులు. క్లాసులో ఒకప్పుడు కుర్చీ వుండేది. కూర్చుంటే పాఠం సాగదని మేనేజిమెంటు వారు తీసేయించారు. (వారి రూములో కుర్చీ మాత్రం గిర్రున తిరుగుతుంది కూడా!) ఆరు నెలలుగా వదినకి పొద్దున మంచం దిగి తొలి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుంటోంది. నాలుగడుగులు నడిస్తే సర్దుకుంటుంది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలు.

వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి మడమ ఆనించమంది మా అమ్మ. ఆ వెచ్చదనం హాయిగానే వుంటుంది, కాదనను. జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి సుమా!

డాక్టర్లు దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. పేరుకి బెదరకండి. మడమ ఎముక నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద గట్టి పట్టీలాంటి పొర వుంటుంది. గంటల తరబడి ఒళ్ళు బరువు మోసి మోసి అది మడమ దగ్గర దెబ్బతింటుంది. రాత్రంతా బిగిసి వున్న పట్టీ తొలి అడుగుకి ఒక్కసారిగా సాగుతుంది. అందుకే ఆ పోటు. ఎక్స్‌రేలో ఎముకకి చిన్న ముల్లు కనిపించిందని వదిన హడలిపోయింది. ముల్లు వుండీ నొప్పి లేనివాళ్ళు బోలెడుమంది. ఆపరేషన్ దాకా వెళ్ళడం అరుదు. మంచం దిగకముందే కాలివేళ్ళని చేత్తో వెనక్కి లాగి పట్టుకోవడం, గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీయడం, చల్లటి సీసాని అరికాలి కింద దొర్లించడం, మెత్తటి చెప్పులు. చాలామందికి కొన్ని నెలల్లో తగ్గుతుంది.

“అన్నీ చేస్తూనే వున్నానయ్యా. మళ్ళీ తొమ్మిదింటికి పోయి ఆ గచ్చు మీదే గదా నిలబడేది!” అంది వదిన.

అదీ అసలు సంగతి.

నిలబడి పనిచేసేవాళ్ళకి వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు వుండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్లోనే రాశారు. మన పేట స్పిన్నింగు మిల్లుల్లాంటి వాటి కోసం అది. కేరళలో బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్ళు, కోళికోడ్‌కి చెందిన విజి ముందుండి నడపగా, ఏళ్ళ తరబడి పోరాడి 2018లో కూర్చునే హక్కు తెచ్చుకున్నారు. 2021లో తమిళనాడూ అదే చట్టం చేసింది. బడి మాత్రం ఫ్యాక్టరీ కాదు, షాపూ కాదు. (ఫీజులు చూస్తే షాపేననిపిస్తుంది, అది వేరే కథ!)

మొదటాట టిక్కెట్టుకి గంట నిలబడితేనే కాళ్ళు పీకుతున్నాయని గోల చేస్తాం. మనకి ఎక్కాలు నేర్పిన మాస్టారు ముప్పయ్యేళ్ళు నిలబడ్డారని ఎప్పుడన్నా తట్టిందా మీకు?

వదిన కుర్చీ కోసం అర్జీ పెట్టింది. మెడికల్ సర్టిఫికెట్ జత చెయ్యమన్నారు. చేసింది. ఆమె ఒక్కతికే ఇస్తే మిగతావాళ్ళూ అడుగుతారని ఆలోచిస్తున్నారట. మిగతావాళ్ళు పదకొండు మంది. వాళ్ళలో నలుగురికి మడమ నొప్పే.