చూసినవాడి తప్పా?

ఫ్రెంచివాళ్లు యానాం విడిచిన 1954లోనే వచ్చింది హిచ్‌కాక్ 'రియర్ విండో'. ఎన్నిసార్లు చూశానో! కాలికి కట్టుతో చక్రాల కుర్చీలో కూలబడ్డ ఫొటోగ్రాఫరు, పెరటికి అవతలి వాటాలో మొగుడు పెళ్లాన్ని చంపాడని కిటికీలోంచి పసిగడతాడు.

పరాయి కొంపల్లోకి తొంగిచూడటం సంస్కారం కాదంటూ మిత్రులు అతణ్ణే దుయ్యబడతారు. నేనొప్పుకోను. తన కుక్కను చంపేశారని ఒకావిడ ఇరుగుపొరుగును నిలదీస్తే, ఆ మొగుడు తప్ప అందరూ బయటికొచ్చి చూస్తారు. కాసేపటికి ఎవరి గదుల్లోకి వాళ్లు పోతారు. సంస్కారమంటే ఇదేనా?

నిరుడు నేనూ కాలు విరిగి ఇంట్లో పడున్నాను. పక్కింటి ఇల్లాలు దెబ్బలు తింటున్న చప్పుడు రోజూ వినపడేది. మనకెందుకని కిటికీ మూయించాను. ఆ ఫొటోగ్రాఫరును తప్పుపట్టే అర్హత నాకేదండీ? మీకుందా?