కొండకు ఒక్కటే ఋతువా?

కార్తికం రాగానే నాకు జాబులు మొదలవుతాయి. ఉద్యోగజీవితంలో పదకొండేళ్ళు పాడేరు చుట్టుపక్కల బడులలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక, "మాస్టారూ, డిసెంబరులో రెండు రోజులు సెలవు కలిసివచ్చింది. లంబసింగిలో మంచు, వంజంగిలో మేఘాలు చూసి, అరకులో బొంగు చికెన్ తిని, సోమవారానికల్లా ఇల్లు చేరే మార్గం చెప్పండి" అని అడుగుతారు. నిరుటివరకూ చెప్పాను. ఈ ఏడు చెప్పదలచుకోలేదు. ఎందుకో విన్నవించుకుంటాను. కోపం వస్తే వ్యాఖ్యలలో నిస్సంకోచంగా కోప్పడండి.

ముందు మాట సంగతి తేలుద్దాం (పాత అలవాటు, మన్నించాలి). పొగమంచునూ, గడ్డిపరక మీది బిందువునూ, హిమాలయాల మీది హిమాన్నీ తెలుగులో 'మంచు' అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటాం. ఈ వెసులుబాటును ఆసరా చేసుకుని లంబసింగికి 'ఆంధ్రా కాశ్మీరు' అని బిరుదు తగిలించారు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు అది. చలి ఉంటుంది. తెల్లవారుజామున లోయ నిండా పొంగిన పాలవలె పొగమంచు ఉంటుంది. కాశ్మీరు మాత్రం ఉండదు. ఉపమానం ఉపమేయంకన్న గొప్పదై ఉండాలని కదా ఆలంకారికుల మతం! అంటే ఈ బిరుదు ఇచ్చినవారు మన కొండను పొగడలేదు, రెండో పంక్తిలో కూర్చోబెట్టారు. తనకు తానే సాటి అని చెప్పడానికి అనన్వయమనే అలంకారం ఒకటుంది. మన్యానికి అది చాలు.

కొన్నేళ్ళ క్రితం ఒక జనవరిలో మనవలు పోరుపెడితే నేనూ బయలుదేరాను. తెల్లవారుజామున మూడింటికి ఘాటు ఎక్కడం మొదలుపెట్టాము. నాలుగింటికి బండ్లన్నీ నిలిచిపోయాయి. ముందు ఎర్రదీపాలు, వెనుక హారన్లు, పక్కబండిలో చెవులు చిల్లులు పడే పాట. మా చిన్నవాడు అద్దం దించి, "తాతయ్యా, ఇది మంచా, పొగా?" అని అడిగాడు. తేల్చి చెప్పలేకపోయాను. రోడ్డువారన ఒక ఇల్లాలు బిందె చంకన పెట్టుకుని, అవతలి కుళాయి దగ్గరకు వెళ్ళడానికి సందు దొరక్క నిలబడి ఉంది. మేము కదిలేదాకా అలాగే నిలబడి ఉంది. ఆమె కళ్ళలోకి చూడలేక నేను తలుపు అద్దం ఎత్తించాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పెద్దన గారి ప్రవరుడు గుర్తుకు వస్తాడు. సిద్ధుడిచ్చిన లేపనం కాళ్ళకు పూసుకుని, దారి నడవకుండా, ఎవరినీ పలకరించకుండా హిమాలయం మీద వాలాడు. చూసి సాయంత్రానికి ఇల్లు చేరాలనుకున్నాడు. మంచుకు లేపనం కరిగిపోయింది. మన కార్లూ, సెలవులూ లేపనాలే. అయితే ఆయనకు నిత్యకర్మల చింత, మనకు సోమవారపు ఆఫీసు చింత.

వసతిగృహాలవారు డిసెంబరు, జనవరులను 'సీజన్' అంటారు, మిగిలినదంతా 'ఆఫ్ సీజన్'. ఋతువు కాని ఋతువట! ఆరు ఋతువులున్న జాతికి ఈ పదం ఎక్కడిది?

వసంతంలో తొలి జల్లు పడిన వారం పదిరోజులకు కాఫీ పూస్తుంది. సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల నడుమ, కొమ్మ పొడుగునా తెల్లటి గుత్తులు, మల్లెకు దగ్గరి పరిమళం. కొన్నాళ్ళే ఉంటుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని గర్వంగా చెప్పుకునేవారిలో ఆ పూత చూసినవారు ఎందరు? చైత్రంలోనే ఇటుకల పండుగ, వేటకు వెళ్ళే మగవారు, దారులలో పాటలు పాడే ఆడవారు. వేసవిలో పనస, మామిడి, మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర. శరత్తు దాటుతుండగా వలిసెపూలు. శిశిరంలో చింతపండు రాల్చి సంతకు తెచ్చేవారు. మబ్బు తప్ప మరేమీ చూడని యాత్రికుడికి వీటిలో ఒక్కటీ కనబడదు.

వానాకాలం విషయంలో మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోమంటాను. దమ్ముమడులు, నాట్లు, ప్రతి మలుపులో ఒక జలధార, నిజమే. కొత్తవలస–కిరండూల్ మార్గంలో కొండచరియలు పడి రైళ్ళు ఆగిన సందర్భాలూ ఉన్నాయి. భారీవర్షసూచన ఉన్నప్పుడు వెళ్ళవద్దు. దారిలేని గూడేలనుండి గర్భిణులను డోలీలలో మోసుకువచ్చేది ఆ వానలోనే. ఇంకొక మాట. 1922 ఆగష్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి ఠాణాపై దాడి చేసినదీ ఆ ఋతువులోనే. ఆ తిరుగుబాటుకు ఒక కారణం రోడ్డుపనులలో మన్యంవారికి చాలీచాలని కూలి ఇచ్చి చేయించిన చాకిరీ. వ్యూపాయింటు దాకా రోడ్డు వేయలేదేమని విసుక్కునే మిత్రులు ఇది తెలుసుకోవాలి.

ఇక అసలు తగవు. వలిసెతోటలో ఫొటోకు దిగితే రైతు పదో ఇరవయ్యో అడిగాడని, "ప్రకృతిని అమ్ముకుంటున్నారు" అని ఒక మిత్రుడు వాపోయాడు. అయ్యా, అది ప్రకృతి కాదు, పంట! గింజనుండి నూనె తీస్తారు. మీ కాలికింద విరిగిన మొక్క గింజ కట్టదు. మీ ఊరి మాగాణిలో పొట్టమీదున్న వరిలోకి ఇరవైమంది దిగితే మీ నాన్నగారు రుసుము అడిగేవారా, చెర్నాకోల తీసేవారా? ఆ రైతుది మర్యాద.

"జనం వద్దంటే మా పొట్ట మాటేమిటి?" అని అక్కడి టీకొట్టు నడిపే నా పాత శిష్యుడే నిలదీశాడు. న్యాయమైన ప్రశ్న. నేను రావద్దనడం లేదు. అందరూ ఆ ఆరువారాలలోనే విరుచుకుపడవద్దంటున్నాను. ఫాల్గుణంలో నలుగురు, వైశాఖంలో నలుగురు వచ్చి, రెండురోజులు ఆగి, వారపుసంతలో బేరమాడకుండా పసుపూ చింతపండూ కొంటే వాడి కొట్టు ఏడాది పొడుగునా నడుస్తుంది. "అలా వస్తారా మాస్టారూ?" అని నవ్వాడు.

కనుక డిసెంబరు దారి నన్ను అడగవద్దు. చైత్రంలో తొలి జల్లు పడగానే వాడు ఫోను చేస్తానన్నాడు. ఆ కబురు ఇక్కడ వ్రాస్తాను. పూత విచ్చుకోవడానికి వారం పదిరోజులు పడుతుంది కదా, సెలవు చీటీ వ్రాసుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది.