బట్టతల - తుండుగుడ్డ

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళ బాధ రోళ్ళకే తెలియాలి గాని, బట్టతలల బాధ నేను చెప్పగలను. ముప్ఫయ్యైదో ఏట నా నుదురు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. నలభై దాటేసరికి నడినెత్తికి చేరింది. ఇప్పుడు మా మైలవరంలో సూర్యభగవానుడికీ నాకూ మధ్య ఒక్క వెంట్రుకైనా అడ్డు లేదు.

భర్తృహరి నీతిశతకంలో నా జాతివాడొకడున్నాడు. ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసిన ఆ పద్యాన్ని క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను. ఎండకు నెత్తి మాడి ఒక బట్టతలవాడు తాటిచెట్టు నీడకు పరుగెత్తుతాడు. పైనుంచి తాటిపండు పడి తల కాస్తా పగులుతుంది. దురదృష్టవంతుడు ఎక్కడికి పోతే ఆపద అక్కడికే వస్తుందని నీతి. ఇన్నేళ్ళూ ఆ నీతే చెప్పుకొచ్చాను. పోయిన వేసవి నుంచి మాత్రం నాకొక సందేహం పట్టుకుంది. ఆ మహానుభావుడు తలకింత గుడ్డ చుట్టుకు బయలుదేరితే, పరుగెత్తే పనే ఉండేది కాదు గదా!

సందేహానికి కారణముంది. మే నెలలో పరీక్షల పని మీద నందిగామ వెళ్ళాను. బయలుదేరుతుంటే మా ఆవిడ, "ఏమండీ, ఆ తువ్వాలు తలకు చుట్టుకోండి" అంది.

"లెక్చరర్ని తలగుడ్డతో చూస్తే పిల్లలు నవ్వరుటే?" అన్నాను.

పని ముగించుకుని ఒంటిగంటకు రోడ్డు మీదికొచ్చాను. బస్సు ఆగేచోట ఉన్న కాస్త నీడా నిండిపోయింది. అరగంట నిలబడ్డాను. నెత్తిమీది చెమట ఆగడానికి జుట్టు లేదాయె, తిన్నగా కళ్ళలోకి దిగింది. కాసేపటికి రోడ్డంతా పచ్చగా కనిపించింది. ఆ తరువాత నేను కూలబడ్డానని పక్కవాళ్ళు చెబితే తెలిసింది.

కళ్ళు తెరిచేసరికి తలమీద తడిగుడ్డ ఉంది. పక్కన మామిడికాయల గంపతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. తన తలగుడ్డ విప్పి, తాగడానికి తెచ్చుకున్న నీళ్ళలో తడిపి నాకు వేశాడు.

"బోడినెత్తితో ఎండలో నిలబడ్డారేంది మేష్టారూ? తుండుగుడ్డ లేదా?"

"అలవాటు లేదు తాతా."

"చదువుకున్న నెత్తికి ఎండ కొట్టదా ఏంది?"

బస్సొచ్చింది. గుడ్డ తిరిగివ్వబోయాను. పుచ్చుకోలేదు. "ఉంచుకోండి. నాకింకా నాలుగు వెంట్రుకలున్నాయి. తమకవీ లేవు" అన్నాడు.

ఆ తాత చెప్పింది శాస్త్రానికి సరిపోయే మాటేనని తరువాత తెలుసుకున్నాను. జుట్టున్న తలమీద ఎండవేడి చాలామట్టుకు జుట్టు పైపొరలోనే ఆగి, గాలికి పోతుంది. బోడితలకు తిన్నగా చర్మానికే తగులుతుంది. 2023లో అమెరికా, ఇంగ్లండు పరిశోధకులు వేడిని కొలిచే ఒక మనిషిబొమ్మకు రకరకాల విగ్గులు తొడిగి, దీపాల ఎండలో పెట్టి చూశారు. అన్నిటికంటే ఎక్కువ వేడి తగిలింది విగ్గు లేని బోడితలకే. బిగుతైన ఉంగరాల జుట్టుకు అన్నిటికంటే తక్కువ.

మరి చెమట సంగతి? చెమట ఆరితేనే చల్లదనం. గ్రాము నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో, గ్రాము చెమట ఆరిపోతూ దానికి సుమారు 580 రెట్ల వేడిని ఒంట్లోంచి పట్టుకుపోతుంది. కాని బోడినెత్తి మీద చెమట ఆరకముందే జారిపోతుంది. జారిన చెమట వృథా. నూలుగుడ్డ దాన్ని పట్టి నిలిపి, మెల్లగా ఆరనిస్తుంది. మా మెట్టప్రాంతపు పొడి వడగాలిలో తడిగుడ్డ బాగా పనిచేస్తుంది. సముద్రపుటొడ్డున గాలిలో తేమ ఎక్కువ గనక అంత గుణం కనిపించదు.

విశాఖపట్నంలో ఉన్న మా బావమరిది గోల్ఫు ఆడతాడు. నెత్తి విషయంలో నాకు తమ్ముడే. పద్ధెనిమిది గుంతల ఆట పూర్తయ్యేసరికి నాలుగు గంటలు ఎండలో నడవాలిట. కొన్నాళ్ళు ముందు చూరు మాత్రమే ఉండి పైన ఖాళీగా ఉండే టోపీ పెట్టాడు. ముఖానికి నీడ, నెత్తికి నిప్పు! ఇప్పుడు చుట్టూ అంచున్న పల్చని టోపీ పెడుతున్నాడు. చెవులకూ మెడకూ కూడా నీడ. లోపల చిన్న నూలుగుడ్డ. అది తడిసినప్పుడల్లా మారుస్తాడు. వెనకటి దొరల బెండుటోపీ కిటుకూ కొంత ఇలాంటిదే. అది తలకు అంటుకోకుండా, నడుమ గాలి ఆడేలా కుట్టేవారు.

తలకు గుడ్డ చుడితే హోదా తగ్గుతుందనుకునేవారు మా జగ్గయ్యపేట శిల్పాన్ని చూడాలి. అక్కడి బౌద్ధస్తూపాన్ని 1882లో బర్జెస్ దొర తవ్వించాడు. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆకాశం నుంచి నాణాలు కురిపించగల ఆ మహారాజు కూడా తలపాగా చుట్టుకుని, పైన గొడుగు పట్టించుకునే నిలబడ్డాడు!

ఇక నాబోటివారికి నాలుగు మాటలు. పల్చని లేతరంగు నూలుగుడ్డ మంచిది. తడిపి, పిండి, వదులుగా చుట్టాలి. కొస మెడమీదికి వేలాడాలి. ఏ రోజుకారోజు ఉతకాలి, లేకపోతే దురదా చెమటపొక్కులూ తప్పవు. హెల్మెట్టు కిందా ఒక చేతిరుమాలు వేసుకోవచ్చు. నెత్తిమీద మానని పుండో, గరుకు మచ్చో కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. గుడ్డ ఉంది గదా అని మంచినీళ్ళు మానకూడదు. 2015 మే నెల వడగాల్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వెయ్యిమందికి పైగా పోయారు. ఎండలో ఉన్నవాడికి మాట తడబడితే, మతి తప్పితే, వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసురుతూ 108కి ఫోను చెయ్యాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఒక్క మాట మిగిలింది. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గాని మనసొప్పలేదు. మా నాన్నదీ బట్టతలే. తలపాగా లేకుండా ఆయన పొలం వెళ్ళడం నేనెరగను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను చూడడానికి కాలేజీకి వచ్చారు. తోటి లెక్చరర్లు చూస్తారని, "నాన్నా, ఆ తలపాగా తీసి సంచిలో పెట్టుకో" అన్నాను. ఆయన మారుమాటాడకుండా తీసి మడిచి సంచిలో పెట్టుకున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు బస్సుదాకా ఎండలో నా వెంట నడిచారు. తలపాగా మాత్రం మళ్ళీ చుట్టుకోలేదు. చుట్టుకోండని నేనూ అనలేదు. ఆయన పోయి ఆరేళ్ళయింది.

ఈ వేసవి నుంచి తలగుడ్డతోనే కాలేజీకి వెళుతున్నాను. మొదటిరోజు పిల్లలు నవ్వారు. రెండోరోజు మరిచిపోయారు. నందిగామ వెళ్ళినప్పుడల్లా ఆ తాతకోసం వెదుకుతున్నాను; ఉతికి మడిచిన ఆయన తుండుగుడ్డ నా సంచిలోనే ఉంది.