సెలవు ఎవరికి?

జనవరి రెండో వారం వచ్చిందంటే చాలు, పత్రికల స్త్రీల పేజీల్లో ఒకటే ఉపదేశం. పండగ సెలవుల్లో మనసును తేలిగ్గా ఉంచుకోండి, అయినవాళ్ళతో హాయిగా గడపండి, మీకోసం ఓ గంట కేటాయించుకోండి, ఒత్తిడి అనిపిస్తే గట్టిగా ఊపిరి పీల్చి వదలండి. చదివిన ప్రతిసారీ నాకొకటే సందేహం. ఈ 'మీరు' ఎవరు? ఆ గంటను ఆమె ఎవరి దగ్గర్నుంచి తెచ్చి కేటాయించుకోవాలి?

మా కామారెడ్డిలో సంక్రాంతి అంటే బడికి సెలవు, కాలేజీకి సెలవు, ఆఫీసుకి సెలవు. పొయ్యికి మాత్రం లేదు. హైదరాబాదు నుంచి కొడుకులు, కోడళ్ళు, మనవలు దిగుతారు. అంతకు నాలుగు రోజుల ముందే ఇల్లు దులపడం మొదలవుతుంది. కొత్త బియ్యం నానబోసి, వడగట్టి, తడి ఆరకముందే గిర్నికి మొయ్యాలి. పిండిలో నువ్వులు, వాము కలిపి, నేలమీద బట్ట పరిచి, నడుం వంచి సకినాలు చుట్టాలి. ఒక పూటతో తెమిలే పని కాదు. చుట్టినవన్నీ పొయ్యి ముందు కూర్చుని కాల్చాలి. భోగినాడు చీకటుండగానే చలిలో వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గెయ్యాలి. మధ్యాహ్నం కడుపునిండా తిని నడుం వాల్చినవాళ్ళు 'ఊళ్ళో ఎంత ప్రశాంతంగా ఉందో' అంటారు. ఉంటుంది మరి! 2024 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, అదే పని చేసే మగవాళ్ళు పెట్టేది 88. ఇది మామూలు రోజుల లెక్క. పండగ లెక్క కావాలంటే మా వంటగదిలోకి తొంగిచూస్తే చాలు.

ఇక బీడీలు చుట్టే స్త్రీలకు సెలవు అన్న మాటకే వేరే అర్థం ఉంది. కామారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో ఒళ్ళో చాట పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి కనిపించని వాడ ఉండదు. వెయ్యి బీడీలకింత అని కూలి. చుట్టని రోజు కూలి లేదు. "సెలవుల్లో ఏం చేస్తవ్?" అని మా వాడలో ఒకామెను అడిగాను. నవ్వింది. "పండగపూట కార్ఖానా బందుంటది అక్కా. ఆకు ఇయ్యరు. ముందుగాల్నే చుట్టి పెట్టుకోవాలె" అంది. అంటే పండగకు ముందు రాత్రుళ్ళు, చలికి కొంకర్లు పోతున్న వేళ్ళతో తడిపిన తునికాకు కత్తిరిస్తూ ఆ 'సెలవు'ను ఆమె ముందే సంపాదించుకోవాలి. పగలు సకినాలు, రాత్రి బీడీలు. చుట్టేది అవే వేళ్ళు.

1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగానే ఒప్పుకుంది. ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున వేతనంతో సెలవు కూడా రాసింది. ఆ చట్టాన్ని 2020 నాటి లేబర్ కోడ్‌లో కలిపేశారు. కాగితం మీద సెలవు అన్నేళ్ళు బతికిందన్న సంగతి మా వాడలో ఆమెకు చెబితే ఆశ్చర్యపోయింది. ఊపిరి పీల్చి వదలమని సలహా ఇచ్చేవారు పొగాకు దుమ్ములో ఏ ఊపిరి పీల్చాలో కూడా చెబితే బాగుండును.

మరి పండగలో ఆడవాళ్ళకు సంతోషమే లేదా అంటారు. ఉంది. నలుగురు ఇరుగుపొరుగు స్త్రీలు ఒక బట్ట చుట్టూ చేరి సకినాలు చుడుతున్నప్పుడు నడిచే మాటలు నేను చిన్నప్పట్నుంచీ విన్నాను. దుబాయ్ పోయిన మొగుడు మూడు నెలలుగా పైసలు పంపని సంగతి, కోడలి కాన్పు, అత్త సాధింపు అన్నీ అక్కడే బయటపడతాయి. కన్నీళ్ళు పిండిలో పడకుండా కొంగుతో తుడుచుకుంటారు. ఏ కౌన్సెలింగు గదికీ తీసిపోని చోటు అది. 2022లో మొదలైన టెలిమానస్ 14416 మంచిదే, కాదనను. కానీ ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను, ఒకటే గది ఉన్న మనిషి ఎక్కడ నిలబడి మాట్లాడుతుంది? ఆమె మాట్లాడగలిగేది ఆ బట్ట చుట్టూనే. అందుకే సకినాలు దుకాణంలో కొనేస్తే స్త్రీకి విముక్తి అన్నంత తేలిగ్గా నేను అనలేను. పనిని మగవాళ్ళకూ పంచండి, ఆ కూడికను మాత్రం మాకు ఉంచండి అంటాను.

కానీ ఆ కూడికలోనూ ఒక గీత ఉంది. సంక్రాంతికి మా వైపు నోములు నోస్తారు. ముత్తైదువలను పిలిచి పసుపు కుంకుమతో గాజులో, గిన్నెలో, భరిణెలో వాయనమిస్తారు. మా చిన్నమ్మకు భర్త పోయి చాలా ఏళ్ళయింది. సకినం చుట్టడంలో మా ఇంట్లో ఆమెను మించిన చెయ్యి లేదు. ముందురోజంతా ఆ చెయ్యి కావాలి. నోమునాడు మాత్రం ఆమె తలనొప్పి అని వెనకగదిలో పడుకుంటుంది. ప్రతి ఏడూ అదే రోజు, అదే తలనొప్పి. ఎవరూ ఆమెను వెళ్ళమనరు. ఉండమనీ అనరు. తెలంగాణ ప్రభుత్వం 2017లో భర్త వదిలేసిన, పెళ్ళి కాని ఒంటరి స్త్రీలను కూడా పింఛనుకు అర్హులుగా గుర్తించింది. వాళ్ళలో ఎవరినీ మా ముందుగది ఇంకా గుర్తించలేదు. పండగల్లో మానసిక ఆరోగ్యం గురించి రాసేవారికి ఈ తలనొప్పి ఎందుకు కనపడదు?

వాళ్ళనని ఏం లాభం? మనమేం రాశాం? ఇల్లలికి ముగ్గులు పెట్టి తన పేరే మరిచిపోయిన గృహిణిని పి. సత్యవతి 'ఇల్లలకగానే'లో మన ముందు నిలబెట్టారు. ఆ కథను మనం సెమినార్లలో ఎన్నిసార్లు చర్చించామో! పండగ సంచికలకు మాత్రం ముగ్గుల మీద, అమ్మ చేతి అరిసెల మీద తీపి జ్ఞాపకాలు రాసి పంపుతాం. స్త్రీవాద సాహిత్యం మీద సిద్ధాంత గ్రంథం సమర్పించి డాక్టరేట్ పుచ్చుకున్న ఏడాది, నేను కూడా ముందుగదిలో కూర్చుని కొంగుపట్టి వాయనం తీసుకున్నాను. వెనకగది తలుపు దగ్గరగా వేసి ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది.

నిరుడు వాయనం పళ్ళెం పట్టుకుని వెనకగదిలోకి వెళ్ళాను. చిన్నమ్మ లేచి కూర్చుంది గానీ చెయ్యి చాపలేదు. "నాకెందుకు బిడ్డా, మీ అమ్మ నొచ్చుకుంటది" అంది. ముందుగదిలో మాటలు ఆగిపోయాయి. అమ్మ నిజంగానే నొచ్చుకుంది. నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

ఈసారి నోముకు నేను ముందుగదిలో కూర్చోనని అమ్మకు ముందే చెప్పాను. పండగపూట ఇంట్లో మనశ్శాంతి లేకుండా చేస్తున్నావంది.