కాదనేవాళ్లు కావాలి

ఫారన్‌హైట్ ఏ ఊళ్లో పుట్టాడు? ఇంట్లో జ్వరం చూసుకునే ప్రతివారికీ పేరు తెలిసిన ఈ శాస్త్రజ్ఞుడు 1686లో బాల్టిక్ సముద్రపు ఒడ్డున ఉన్న ఓ రేవు పట్టణంలో పుట్టాడు. జర్మన్లకు అది డాంజిగ్, పోలండు వాళ్లకు గ్దాన్‌స్క్. అతని ఇంటి భాష జర్మన్, ఊరు మాత్రం అప్పట్లో పోలండు రాజు ఏలుబడిలో ఉంది. ఇంగ్లిషు వికీపీడియాలో ఈ ఒక్క ఊరి పేరు మీద కొన్నేళ్లపాటు తగవు నడిచింది. ఒకరు డాంజిగ్ అని రాస్తే మరొకరు వచ్చి గ్దాన్‌స్క్ అని దిద్దేవారు, మొదటివారు మళ్లీ వచ్చి పాతది పెట్టేవారు. చివరికి 2005 తొలి నెలల్లో ఓటింగు పెట్టుకుని ఓ కట్టుబాటుకు వచ్చారు. 1308 నుంచి 1945 దాకా జరిగిన సంగతులు రాసేటప్పుడు డాంజిగ్, అంతకు ముందూ ఆ తర్వాతా గ్దాన్‌స్క్. జీవిత చరిత్రల్లో, మనిషి నిస్సందేహంగా జర్మన్ అయితే జర్మన్ పేరు ముందు రాసి పోలిష్ పేరు కుండలీకరణాల్లో పెట్టాలి. పోలిష్ అయితే తారుమారు. ఆ ఊరు ఎవరిదన్న విషయంలో ఈ ఓటింగుతో ఎవరి మనసైనా మారిందనుకోనక్కర్లేదు. మారాల్సిన అవసరమూ రాలేదు. ఏమనుకోవాలో తేల్చుకోకుండానే ఏం రాయాలో తేల్చుకున్నారు. జీతం లేని, చాలావరకు ముఖపరిచయం లేని మనుషులు కలిసి ఇంత పెద్ద విజ్ఞాన సర్వస్వాన్ని ఎలా నడపగలుగుతున్నారన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే దొరుకుతుంది.

మంచి మనసులూ జ్ఞానదాహమూ ఉంటే చాలు, ఇలాంటి పని సాగిపోతుందని మనలో చాలామంది నమ్మకం. ఆ రెండూ పుష్కలంగా ఉన్న న్యూపీడియా సాగలేదు. వికీపీడియాకు ముందు, 2000లో, జిమ్మీ వేల్స్, లారీ శాంగర్ నడిపిన ఆ ప్రయత్నంలో నిపుణులు రాయాలి, వ్యాసం ఏడు దశల పరిశీలన దాటాలి. మొదటి ఏడాదిలో పూర్తయిన వ్యాసాలు రెండు డజన్లు కూడా లేవు. 2001 జనవరి 15న మొదలైన వికీపీడియా ఈ వరసను తిరగేసింది. ముందు అచ్చులోకి ఎక్కుతుంది, తగవు తర్వాత. ఆ తగవుకు కొన్ని హద్దులున్నాయి. రాసిన మాటకు ఎక్కడో ప్రచురితమైన ఆధారం చూపాలి. సొంత పరిశోధన పనికిరాదు. భిన్నాభిప్రాయాలు ఉన్నచోట ప్రామాణిక రచనల్లో వాటికున్న బరువును బట్టే చోటివ్వాలి. 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఎదుటివారి దిద్దుబాట్లను తిరగ్గొట్టినవారిని కొంతకాలం రాయకుండా ఆపేయవచ్చు. అన్నింటికన్నా ముఖ్యం, ప్రతి వ్యాసం వెనకా ఓ చర్చ పేజీ, ప్రతి మార్పునూ తేదీతో సహా దాచే చరిత్ర పేజీ ఉంటాయి. ఎవరు ఏమన్నారో, ఎప్పుడు మాట మార్చారో ఎవరైనా వెళ్లి చూడవచ్చు. మన సాహిత్య సభల్లో జరిగే వాగ్వాదాలకు ఈ భాగ్యం లేదు. వాటిలో నిలిచేది ఎవరు ఎవరిని ఏమన్నారన్న కబురే, ఏ ఆధారంతో అన్నారన్నది సాయంత్రానికే మాయమవుతుంది.

ఈ తగవుల్లో నవ్వొచ్చేవీ ఉన్నాయి. ‘స్టార్ ట్రెక్ ఇంటు డార్క్‌నెస్’ అనే సినిమా పేరులో ‘ఇంటు’ను పెద్ద అక్షరంతో మొదలుపెట్టాలా, చిన్న అక్షరంతోనా అని 2013కు అటూ ఇటూగా 40 వేల మాటల పైచిలుకు వాదించుకున్నారు. పెద్ద అక్షరమే గెలిచింది. పనిలేని పని అనిపిస్తుంది, కొంతవరకు నిజమే కూడా. అయితే తగవు దానంతటది వృథా అనుకుంటే పొరపాటు. 2019లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చిన ఓ అధ్యయనం వికీపీడియాలో రాజకీయాలు, సామాజిక సమస్యలు, విజ్ఞానశాస్త్రం మీది వ్యాసాలను పరిశీలించింది. కుడి ఎడమ పక్షాలవాళ్లు ఇద్దరూ దండిగా చేయి పెట్టిన వ్యాసాలు ఒకే భావజాలం ఉన్నవారు రాసిన వాటికన్నా నాణ్యంగా ఉన్నాయని తేలింది. వాటి చర్చ పేజీల్లో వాదన ఎక్కువ, నిడివీ ఎక్కువే. ఎదుటివాడు ఆధారం అడుగుతాడని తెలిసినప్పుడు మనిషి వాక్యాన్ని చూసుకుని రాస్తాడు మరి.

మన దగ్గరికి వద్దాం. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అక్కడ అందరూ కూడి మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ఆ మాటలోని రెండు అర్థాలూ దానికి సరిపోతాయి. కొత్తగా వచ్చిన పాఠకుడికి అక్కడ మొదట గుచ్చుకునేది ఏకవచనం. ఎంత పెద్ద కవి అయినా ‘జన్మించాడు’, ఎంత గొప్ప విద్వాంసుడైనా ‘రాశాడు’. పేరు ముందు ‘శ్రీ’ లేదు, వెనక ‘గారు’ లేదు. మా గురువుగారిని పట్టుకుని వాడూ వీడూ అంటారా అని నొచ్చుకుని ఒకరు ‘జన్మించారు’ అని దిద్దుతారు, ఇంకొకరు వచ్చి దాన్ని మళ్లీ ‘డు’ చేస్తారు. నొచ్చుకోవడం అర్థం లేనిది కాదు. తెలుగులో క్రియ చివరనే మనిషి స్థాయి కూర్చుని ఉంటుంది, మధ్యస్థంగా తప్పుకుపోయే దారి లేదు. అందరికీ బహువచనం అంటే హంతకుడికీ ‘గారు’ తగిలించాలి. గొప్పవారికి మాత్రమే అంటే ఆ గొప్పను ఎవరు తూస్తారు? మన సమాజంలో ఆ తక్కెడ ఎటు మొగ్గుతుందో, ఏ కులంవాడు ‘ఆయన’ అవుతాడో, ఎవరు ‘అతను’గా మిగిలిపోతారో విడమర్చి చెప్పనక్కర్లేదు. కృష్ణదేవరాయలు జయించాడనీ, పోతన రాశాడనీ బడి పుస్తకంలో చదివినప్పుడు ఎవరికీ కోపం రాలేదు కదా. కాబట్టి ఏకవచనమే న్యాయమని మా అభిప్రాయం. అయితే స్త్రీల విషయంలో ‘రాసింది’ అన్న రూపం మనిషికీ వస్తువుకూ ఒకటే కావడంతో, అక్కడ వచ్చే అభ్యంతరానికి ఇంత సులువైన జవాబు మా దగ్గర లేదు. ఈ పేచీ మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ చూపించడానికి రాతలో ఉన్న పద్ధతి ఒకటి ఉంది. దాన్ని మార్చాలనుకున్నవారు ముందు ఆ కారణాలకు జవాబు చెప్పాలి.

ఊర్ల విషయమూ ఇలాంటిదే. 2016 అక్టోబరులో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. దాశరథి కృష్ణమాచార్య 1925లో పుట్టిన చిన్నగూడూరు నాడు నిజాం రాజ్యంలో వరంగల్ జిల్లా, నేడు మహబూబాబాద్ జిల్లా. జీవిత చరిత్రలో ఏది రాయాలి? రెండూ రాసి, ఏది ఎప్పటిదో చెప్పడమే సబబు. ఒక్క మాటతో పోయే దానికి రెండు వాక్యాలు పడితే పడనీ.

ఇదంతా వినడానికి బాగుంది గానీ, చివరికి నెగ్గేది ఓపికా తీరికా ఉన్నవాడే కదా అనే ఆక్షేపణ ఉంది. ఇది తేలిగ్గా తోసిపుచ్చేది కాదు. క్రొయేషియా భాషలోని వికీపీడియా కొందరు నిర్వాహకుల చేతుల్లో చిక్కి, దాదాపు పదేళ్లు తీవ్ర మితవాద చరిత్రను వండి వార్చింది. దాన్ని నమ్మవద్దని 2013లో ఆ దేశ విద్యామంత్రే విద్యార్థులకు చెప్పాల్సి వచ్చింది. జరిగిన వక్రీకరణను వికీమీడియా ఫౌండేషన్ ప్రచురించిన నివేదికే 2021లో బయటపెట్టింది. స్కాట్స్ భాషది ఇంకో కథ. ఆ భాష రాని ఓ అమెరికన్ కుర్రవాడు ఏళ్ల తరబడి వేల వ్యాసాలు రాసుకుంటూ పోయాడని 2020లో గానీ లోకానికి తెలియలేదు. ఈ రెండుచోట్లా ఏకాభిప్రాయానికి లోటు లేదు. ఒకచోట కాదన్నవారిని వెళ్లగొట్టారు, రెండోచోట కాదనడానికి తగినంతమంది లేరు. ఇంగ్లిషులో ఉన్న నియమాలే అక్కడా ఉన్నాయి, వాటిని పట్టుకుని నిలదీసే జనమే లేకపోయారు. అందుకే ఈ ఆక్షేపణ మా వాదానికి ఎదురు రాదు, ఇంకాస్త బలమే ఇస్తుంది.

రెండో ఆక్షేపణ ఇంతకన్నా గట్టిది. ప్రచురితమైన ఆధారమే ప్రమాణం అన్నప్పుడు, అచ్చుకు ఎక్కనివారి గతి ఏమిటి? భౌతిక శాస్త్రవేత్త డొనా స్ట్రిక్‌లాండ్ మీద రాసిన వ్యాసాన్ని తగిన ఆధారాలు లేవని 2018 మే నెలలో ఇంగ్లిషు వికీపీడియా తిప్పిపంపింది. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. మన ఒగ్గుకథ చెప్పే కళాకారుడి సంగతి, చిందు బాగోతం ఆడే కుటుంబాల సంగతి చెప్పేదేముంది? వారి గురించి వచ్చిన నాలుగు ముక్కలూ దినపత్రికల జిల్లా పేజీల్లో వచ్చి ఉంటాయి, వాటిని వెతికి పట్టుకోవడం గగనం. విశ్వవిద్యాలయాల్లో వారి మీద వచ్చిన పరిశోధన గ్రంథాలు గ్రంథాలయాల అరల్లోనే ఉండిపోతాయి. నియమం సడలించమని కొందరంటారు. సడలిస్తే ఆ సందులోంచి ముందుగా దూరేది ఒగ్గు కళాకారుడు కాదు, సొంత డబ్బా కొట్టుకునేవాడు. లోపం నియమంలో కంటే మన అచ్చు ప్రపంచంలో ఎక్కువ ఉంది. ఎవరి గురించి రాయాలో, ఎవరిని వదిలేయాలో పత్రికలూ ప్రచురణకర్తలూ ఇన్నాళ్లుగా చేస్తూ వచ్చిన ఎంపికే అక్కడ ఖాళీలుగా కనబడుతోంది.

కొమర్రాజు లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, 1923లో ఆయన పోయేనాటికి, మూడు సంపుటాలు వచ్చినా ‘అ’ దాటలేదు. ఈనాటి తెలుగు వికీపీడియాలో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. ఆ లెక్కకు నెలనెలా పట్టుగా రాసేవారు మరీ తక్కువ, ఎన్నో వ్యాసాల చర్చ పేజీలు ఖాళీ. తెలుగువారు తగవుకు వెనకాడే రకం కాదు కాబట్టి ఈ నిశ్శబ్దాన్ని అంగీకారమనుకోవడం కష్టం, చూసేవాళ్లు లేరనే అర్థం. వ్యాసం తప్పుల తడకగా ఉందని ఫేస్‌బుక్‌లో వెక్కిరించడానికి పట్టే సమయంలోనే ఆ తప్పు ఏదో చర్చ పేజీలో రాయవచ్చు. పాఠకులకు మా విన్నపం ఒకటే. మీకు బాగా తెలిసిన రచయిత మీదో, మీ ఊరి మీదో ఉన్న వ్యాసం తెరిచి చదవండి. ఒప్పుకోలేని వాక్యం కనబడితే చర్చ పేజీలో మీ అభ్యంతరం రాయండి, పుస్తకం పేరూ ముద్రణ సంవత్సరమూ పుట సంఖ్యా తప్పకుండా ఇవ్వండి.