ఆరు గంటల చదువు

ఫ్లోరిడాలో 18 ఏళ్ళ లోపు పిల్లలు లెర్నర్ లైసెన్సు పొందాలంటే మద్యం, మాదకద్రవ్యాలు, రహదారి చట్టాల గురించి ముందుగా పాఠం చదవాలి. 4 గంటల పాఠం స్థానంలో 2025 ఆగస్టు నుండి 6 గంటలది వచ్చింది. మంచిదే. గంటలు పెరిగితే బుద్ధి పెరుగుతుందా?

21 ఏళ్ళ లోపువారి రక్తంలో మద్యం 0.02 శాతం చేరినా బండి నడపరాదని తెర మీద చదివిన పిల్లవాణ్ణి, విందులో రెండు పెగ్గులు పుచ్చుకున్న తండ్రే కారెక్కించుకోవడం మనవాళ్ళలో చూస్తూనే ఉన్నాను. పెద్దలకు 0.08 కదా అని సమర్థన! మన దేశంలో ఆ హద్దు 0.03 అని వారికి గుర్తుండదు.

హద్దు శిక్షకు కొలత, క్షేమానికి కాదు. పిల్లలు చదివేది ఆరు గంటలు, మనల్ని చూసేది పదిహేనేళ్ళు. అసలు పాఠం ఏదో మీరే చెప్పండి.