విద్యాదానము - దాతల ఐకమత్యము

మన పెద్దలు చెరువు త్రవ్వించినపుడు కట్ట వేయుటతోనే తమ కర్తవ్యము తీరినదని తలంపలేదు. కట్టకు గండి పడినపుడు పూడ్చుటకును, తూము చెడినపుడు బాగుచేయుటకును దశబంధపు మాన్యమునుగూడ ఏర్పరచిరి. కట్టించినవాని పేరు శాసనమున నిలిచినది. నీరు నిలిచినది మాత్రము ఆ మాన్యమువలన. మాన్యములు చేతులు మారి మరమ్మతు చేయువాడు లేకపోయిన పిదప ఆ చెరువులేమైనవో భూవసతిగల మా పాఠకులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. నేడు ప్రభుత్వ పాఠశాలల బాగునకై పాటుపడు ధర్మసంస్థల విషయమున మన దాతలు కట్టకు ధనమిచ్చి మాన్యమును మరచుచున్నారని మా అభిప్రాయము.

ధనము లేదనుట సత్యము కాదు. 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము 135వ సెక్షను ననుసరించి, నిర్ణీతమైన ఆస్తియో వ్యాపారమో లాభమో గల కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు వంతులు లోకహితమునకు వెచ్చింపవలసియున్నది. 2014 ఏప్రిల్ 1వ తేదీనుండి ఇది అమలులో నున్నది. ఆ ధనములో విద్యకు దక్కు భాగము స్వల్పము కాదు. ఇక ఫలితము చూతము. ప్రథమ్ సంస్థవారు 2005నుండి ప్రకటించుచున్న ‘అసర్’ నివేదికలలో 2024వ సంవత్సరపు దాని ప్రకారము, గ్రామసీమలందలి ప్రభుత్వ పాఠశాలలలో అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు నూటికి 44.8 మంది. 2022లో వీరు 38.5 మందియే. రెండేండ్లలో కలిగిన ఈ అభివృద్ధికి సంతసింపవలసినదే. కాని సగమునకు మించిన పిల్లలు అయిదేండ్లు బడికి నడచియు రెండవ తరగతి వాచకమును చదువలేకున్నారు. వీరిలో అధికసంఖ్యాకులు మన పొలములలో పనిచేయువారి బిడ్డలే.

ఈ పిల్లలకొరకు పనిచేయు సంస్థల తీరు ఎట్టిదో తెలియుటకు దూరము పోనక్కరలేదు. మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర 1981లో వెలసిన ఎం. వి. ఫౌండేషను 1991 మొదలు రంగారెడ్డి జిల్లాలో బాలకార్మికుల విముక్తికి పూనుకొన్నది. బడికి పోని బిడ్డ యెల్ల కూలిబిడ్డయే యని వారి సిద్ధాంతము. వారు ప్రభుత్వమునకు పోటీగా బడులు కట్టలేదు. పనినుండి విడిపించిన పిల్లలను శిబిరములలో నుంచి, వయస్సునకు తగిన తరగతికి సిద్ధపరచి, ప్రభుత్వ పాఠశాలలోనే చేర్చిరి. ప్రభుత్వోపాధ్యాయులే బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి వారికి బాసటయైరి. శ్రీమతి శాంతాసిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారము లభించినది ఈ కృషికే.

ఇట్టి కార్యమునకు దాతయెదుట లెక్క వ్రాయవలసినపుడు చిక్కు పుట్టును. పలకలు, పుస్తకములు, శిబిరమున వండిన బియ్యము - ఇవి ‘కార్యక్రమము’ పద్దున చేరును. ఒకే గడప నాలుగుమార్లు తొక్కి తండ్రిని ఒప్పించు కార్యకర్త జీతము సగము చేరును, సగము చేరదు. ఆ కార్యకర్తకు తర్ఫీదు నిచ్చువాని జీతము, లెక్కలు వ్రాయు గుమాస్తా జీతము, కచేరీ అద్దె ‘నిర్వహణ వ్యయము’ క్రిందికి వచ్చును. ఆ మాట వినగనే దాతల ముఖము ముడుచుకొనును. పలక నిచ్చెదము గాని పలక పట్టించువాని నడుగవలదని దీని తాత్పర్యము కాదా?

బ్రిడ్జిస్పాన్ అను పరిశీలక సంస్థవారు మన దేశములోని 40 ధర్మసంస్థల లెక్కలు శోధించి, ఇట్టి వ్యయము ఆయా సంస్థల పనినిబట్టి నూటికి 5 మొదలు 51 వరకు నున్నదనియు, మధ్యస్థముగా 19 అనియు 2021లో తేల్చిరి. దాతలో, అన్నిటికిని ఒకే కొలత పట్టి అయిదో పదియో విదలింతురు. దీనికి చట్టమే అడ్డమని కొందరు కంపెనీ అధికారులు చెప్పుచుండుట కలదు. ఇది అపోహ. 2021వ సంవత్సరపు నిబంధనలు నూటికి 5 అని విధించినది కంపెనీ తన కచేరీలో ఈ శాఖను నడుపుకొనుటకు చేయు ఖర్చునకే. పని చేయు సంస్థ ఖర్చునకు కాదు. కేంద్ర ప్రభుత్వ శాఖవారు తమ వివరణలో ఈ భేదమును స్పష్టపరచియున్నారు. అయినను తమకు వేసిన సంకెలను తీసి సంస్థల కాళ్లకు తగిలించు పద్ధతి ఇంకను పోలేదు.

విదేశధనము సంగతి వేరు. దానిపై 2020వ సంవత్సరపు సవరణ నిర్వహణ వ్యయమును నూటికి 50నుండి 20కి తగ్గించుటయే కాక, ఒక సంస్థ పుచ్చుకొన్న ధనమును మరియొక సంస్థకు బదలాయింపరాదని నిషేధించినది. పెద్ద సంస్థ పుచ్చుకొని పల్లెలలోని చిన్న సంస్థలకు పంచు మార్గము దీనితో మూసుకొన్నది. దీని మంచిచెడ్డలు మేమిప్పుడు విచారింపము. స్వదేశధనమునకు ఈ అడ్డంకి లేదు గనుక ఈ భారము స్వదేశీయులమైన మనదేయని మాత్రము చెప్పుదుము.

దాతలు ఒక్కరొక్కరుగా నున్నంతకాలము ఈ చిక్కు విడదు. ఒక దాత ఆరు నెలలకు, మరియొకడు మూడు నెలలకు లెక్క అడుగును. ఒకడు ఒక జిల్లానే చూపును. ఇంకొకడు తన కార్ఖానా చుట్టునున్న గ్రామములను దాటనీయడు. ఏడాది తిరుగులోపల ఫలితము కావలెనని అందరును కోరుదురు. పదిమందికి పది తీరుల నివేదికలు వ్రాయుటలో సంస్థాధిపతి పొద్దు గడచిపోవుచుండగా బడి చూచువాడెవడు? అందరును ఒకచోట కూడి, ఒక్కమారు సంస్థను పరీక్షించి, ధనమును ఒకే నిధిలో వేసి, మూడేండ్లకో అయిదేండ్లకో మాట యిచ్చి, ఒకే లెక్క తీసికొన్నచో నష్టమెవరికి?

ఇది ఊహామాత్రము కాదు. 2015నుండి 2018వరకు రాజస్థానములోని భిల్వాడా జిల్లాలో ‘ఎడ్యుకేట్ గర్ల్స్’ సంస్థ విషయమున ఒక దాత పెట్టుబడి పెట్టగా, ఫలితము తేలిన పిమ్మట చెల్లించుటకు మరియొక దాత ఒప్పుకొనెను. మూడవ పక్షమువారు పిల్లలను పరీక్షించిరి. చేర్పులో లక్ష్యమునకు నూటికి 116, చదువులో 160 వంతుల ఫలితము కనబడెను. మొదటి రెండేండ్లలో చదువు లక్ష్యమునకు వెనుకబడియుండగా, చివరి యేడు సంస్థ తన పద్ధతిని మార్చుకొని ముందుకు వచ్చినది. ఏ పద్దుకు ఎంత యను బంధము లేకపోవుటచేతనే ఆ మార్పు సాధ్యమయ్యెను. ఆ సంస్థకే 2025లో మెగసెసే పురస్కారము వచ్చినది. 2018లో ఇదే మాదిరి ఒప్పందము, మరి కొందరు దాతలు చేరి, ఢిల్లీ, గుజరాతు, మహారాష్ట్రలలో నడపిరి. అయితే ఈ ఒప్పందములకు వకీళ్లు, పరీక్షకులు, దస్తావేజులు అధికము. చిన్న సంస్థ వీనిని మోయలేదు. కాబట్టి 2021లో ఎడెల్‌గివ్ వారి పూనికతో పలువురు దాతలు నూరు కోట్ల రూపాయల నిధిని కూర్చి, నూరు చిన్న సంస్థలకు రెండేండ్లపాటు వాని స్వంత పుష్టికే ఇయ్యబూనుట మాకు హెచ్చు హృద్యముగ నున్నది. జీతములకును, కచేరీకిని, లెక్కలకును సిగ్గుపడక ఇచ్చిన సొమ్ము అది.

కలసి ఇచ్చుట తెలుగువారికి నేర్పవలసిన విద్య కాదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినపుడు మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు చేతులు కలిపిరి. ఒకరి ధనము, ఒకరి గృహము, ఒకరి పాండిత్యము. 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నిలిపినవారును అట్లే కూడిరి. ఆ కళాశాలకు ప్రాణమైన కోపల్లె హనుమంతరావుగారు నడివయస్సునందే, 1922లో, కీర్తిశేషులైరి. వ్యక్తుల త్యాగముమీదనే సంస్థను నడుపుట ఎంత ఖరీదైన పద్ధతియో ఆ కాలమువారికి తెలియును. నేడును పల్లెలలో పనిచేయు యువకులను మనము ‘సేవ’ యను పేర సగము జీతమునకు వాడుకొనుచు, రెండేండ్లలో వారు పట్టణమునకు పోయినచో నిలుకడ లేదని నిందించుచున్నాము.

దొంగ సంస్థలు లేవా యని అడుగుదురు. ఉన్నవి. బోర్డు తప్ప బడి యెరుగనివి మేమును చూచితిమి. అందుచేతనే పదిమంది పైపైన చూచుటకంటె కలసి ఒక్కమారు లోతుగా చూచుట మేలు. దీనికంటె మాకు భయము కల్గించునది వేరొకటి. దాతలు కూడినప్పుడు వారి మాటకు ఎదురుండదు. వారు తప్పుచేసిన, ఆ తప్పు అన్ని సంస్థలకును ఒక్కసారి తగులును. కాబట్టి ఆ నిధిపై ప్రభుత్వోపాధ్యాయులకును, పిల్లల తలిదండ్రులకును మాట యుండవలెను. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రభుత్వముపై నుంచిన బాధ్యతలో ఒక్క పైసయు ఈ నిధి తగ్గింపరాదు. ఖాళీ యున్న ఉపాధ్యాయ పదవిని దాత సొమ్ముతో కప్పిపుచ్చుటకు మేమంగీకరింపము.

హైదరాబాదు, విశాఖపట్టణములలోని కంపెనీలు, గోదావరీ కృష్ణా మండలములలోని మిల్లు యజమానులు, విదేశములందున్న తెలుగువారు ఈ పనికి ముందుకు రావలెను. విదేశములందున్నవారు భారతపౌరులై స్వార్జితమును బ్యాంకుద్వారా పంపినచో చట్టము దానిని విదేశధనముగ లెక్కింపదు. పరదేశ పౌరసత్వము పొందినవారి ధనమునకే ఆ నిర్బంధములు. ఊరిబడికి స్వాగతద్వారము కట్టించు ధనములో నాలుగవవంతు ఇట్టి నిధిలో వేసినను చాలును. మొదట ఒక్క జిల్లా తీసికొని, అందు పనిచేయుచున్న సంస్థల నన్నిటిని పిలిచి, వారికి నిజముగా నగు ఖర్చెంతయో దాతలందరును ఒకే బల్లయొద్ద కూర్చుండి వినుడు. ఆ దరఖాస్తులు తెలుగులో వ్రాయనిండు. పల్లెలో ఇరువది యేండ్లు పనిచేసి ఆంగ్లమున నివేదిక వ్రాయజాలనివానికి నేడు ఏ దాత తలుపును తెరచుకొనుటలేదు.